ఊరు ఎందుకు కదులుతుంది? – పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

గత నెల ఈ శీర్షికలో ఊళ్ల పేర్ల చివర వచ్చే ‘పర్రు’, ‘లంక’, ‘పాలెం’ వంటి మాటల అర్థాలు వివరించాము. అది చదివిన పాఠకులు, ఆ ఊళ్లు అసలు ఎలా పుట్టాయి, కొన్ని ఎందుకు పెరిగాయి, కొన్ని ఎందుకు పాడుపడ్డాయి అని అడుగుతూ ఉత్తరాలు రాశారు. ఉత్తరాలలో ఎక్కువ భాగం కృష్ణకు రెండు వైపులా ఉన్న ఊళ్ల నుంచే వచ్చాయి గనుక సమాధానాలు కూడా ఆ ఏటి ఒడ్డునే తిరుగుతాయి.

ప్రశ్న: మా పొలానికి ఆనుకుని రెండెకరాల పాటిదిబ్బ ఉంది. మా తాతగారి కాలంలో వేసవి వస్తే ఆ దిబ్బను తవ్వి పాటిమన్ను బండ్ల మీద పొలాలకు తోలుకునేవారు. ఇప్పటికీ పెద్ద వాన కురిసిన మర్నాడు అక్కడ కుండపెంకులు, ఒక్కోసారి పూసలు పైకి తేలుతాయి. పూర్వం అక్కడ ఊరుండేదని, కలరా వచ్చి లేచిపోయిందని పెద్దలు చెబుతారు. ఊరు అలా ఊరికే లేచిపోతుందా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి మండలం

సమాధానం: లేచిపోతుంది, కాని ఊరికే లేచిపోదు. కారణంలోకి వెళ్లే ముందు దిబ్బ ఎలా ఏర్పడిందో చూద్దాం. మట్టిగోడలు, తాటాకు కప్పు ఉన్న ఇల్లు ఒక తరం, మహా అయితే రెండు తరాలు నిలుస్తుంది. గోడ కూలినప్పుడు ఆ మట్టిని ఎవరూ ఊరి బయటికి మోసుకుపోరు. అక్కడే చదును చేసి, దాని మీదే మరో గోడ పెడతారు. పొయ్యిలో బూడిద, పశువుల పేడ, ఎముకలు, పగిలిన కుండలు, వాకిలి ఊడ్చిన చెత్త ఏటేటా దానికి తోడవుతాయి. ఇలా కొన్ని వందల ఏళ్లపాటు జనం ఒకేచోట కాపురముంటే ఆ చోటు చుట్టుపక్కల పొలం కంటే నిలువెత్తున లేస్తుంది. ఇప్పటికీ జనం ఉంటున్న పాత ఊళ్లలో గుడి వీధి మిగిలిన ఊరికంటే మెరకగా ఉండటానికి చాలాచోట్ల ఇదే కారణం. మీ తాతగారు ఆ మన్ను పొలానికి తోలడంలోనూ తెలివి ఉంది. బూడిద, ఎముక, పేడ కలిసి మాగిన మన్నులో భాస్వరం పుష్కలంగా ఉంటుంది. రసాయనిక ఎరువులు రాకముందు రైతుకు అది దొరికిన నిధి. పొలానికి బలం చేకూర్చిన ఆ అలవాటే చరిత్రకు తీరని నష్టం కూడా కలిగించింది. కృష్ణా, గుంటూరు సీమలలో చదవకుండానే చిరిగిపోయిన పుటలు ఇలా ఎన్నో ఉన్నాయి.

మీకు దొరికే పెంకులను ఒకసారి విరిచి చూడండి. లోపలి వైపు, అంచు వైపు నల్లగా, వెలుపల ఎర్రగా ఉండి, గిన్నె బోర్లించి కాల్చినట్టు కనబడితే, ఆ పెంకు ఇనుము వాడకం మొదలైన కాలం నుంచి శాతవాహనుల కాలం దాకా ఎప్పటిదైనా కావచ్చు. అంటే మీ దిబ్బ వయసు సుమారు పద్దెనిమిది వందల ఏళ్లకు తక్కువ ఉండదు. అటువంటి పెంకులు అడుగున, గరుకైన ముతక పెంకులు పైన దొరికితే ఊరు అంతకాలమూ అక్కడే ఉందని గాని, ఒకసారి పాడై తిరిగి కట్టుకుందని గాని అనుకోవచ్చు. ఆ రెంటిలో ఏది నిజమో తేల్చాలంటే పొర తరువాత పొర విప్పుతూ శాస్త్రీయంగా తవ్వాలి. గునపం పని కాదు. ఇంకొక సంగతి. పూసలు, నాణేలు, చెక్కిన రాళ్లు దొరికితే దాచుకోకండి, అమ్ముకోకండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికిన విలువైన వస్తువుల గురించి జిల్లా కలెక్టరుకు తెలియజేయవలసిన బాధ్యత దొరికినవారి మీద ఉంటుంది.

ఇక లేచిపోవడం. జనం లేని ఊరిని రెవెన్యూ వారు ‘బేచిరాగు’ గ్రామం అంటారు. ఇది పారసీ మాట. బే అంటే లేని, చిరాగ్ అంటే దీపం. సర్వే నంబర్లు ఉంటాయి, శిస్తు ఉంటుంది, పొలాలు పండుతుంటాయి, సాయంత్రం దీపం పెట్టే ఇల్లు మాత్రం ఉండదు. ఆ మాటను పెట్టిన గుమాస్తా ఎవరో గాని, కవి కావలసినవాడు. ఇటువంటి ఊళ్ల గురించి అడిగితే ఏ ఊళ్లోనైనా కలరా అనో మశూచి అనో పాము శాపం అనో ఒకే కారణం చెబుతారు. నిజానికి ఊరు ఒక్క దెబ్బకు ఖాళీ కావడం అరుదు. అంటురోగం వచ్చిన ఏడు జనం పొలాల్లో పాకలు వేసుకుంటారు, రోగం తగ్గాక తిరిగి వస్తారు. తాటాకు ఇళ్లు తగలబడితే నెలలో మళ్లీ కడతారు. తిరిగి రాకపోవడానికి రెండో కారణం ఒకటి అప్పటికే ఉండాలి: చెరువు పూడిపోవడమో, ఏటి పాయ పక్కకు జరగడమో, బావి నీరు ఉప్పుబారడమో, శిస్తు భరించలేనంత కావడమో. మొదటి దెబ్బ జనాన్ని బయటికి పంపుతుంది. తిరిగి రానీయకుండా చేసేది రెండోది.

గుంటూరు సీమలో ఇందుకు పెద్ద నిదర్శనం నందన నామ సంవత్సరపు కరువు. 1832, 33 సంవత్సరాలలో వచ్చిన ఆ కరువును డొక్కల కరువు అని కూడా అన్నారు. అప్పటి గుంటూరు జిల్లాలో దాదాపు 5 లక్షల మంది ఉంటే, లక్షన్నర నుంచి రెండు లక్షల మంది దాకా చనిపోయారని లెక్కలు కట్టారు. చనిపోయినవారు కాక మద్రాసు దారి పట్టినవారు వేరు. దున్నేవాడు, కుండలు చేసేవాడు, నాగలి చెక్కేవాడు, మగ్గం నేసేవాడు అందరూ ఉంటేనే అప్పటి ఊరు నడిచేది. వారిలో ఇద్దరు ముగ్గురు లేకుండా పోతే మిగిలినవారు పక్క ఊరికి చేరక తప్పేది కాదు. మీ దిబ్బ విషయంలో ఒక చిన్న పరిశీలన చేయండి. దిబ్బ మీద గాని, దాని పక్కన గాని చెట్టు కింద గ్రామదేవత రాయి ఉండి, మీ ఊరివారో పక్క ఊరివారో ఏడాదికొకసారి అక్కడికి వెళ్లి పొంగలి పెడుతున్నట్టయితే, దిబ్బ మీది జనం చావలేదు, ఎక్కడికో దూరం పోలేదు. ఆ పొంగలి పెట్టేవారే వారు. అరమైలో మైలో జరిగి, మంచి నీళ్లూ దారీ ఉన్న చోట కూర్చున్నారు. ‘ఊరు పాడుపడింది’ అని మనం చెప్పుకొనే కథలలో చాలా భాగం నిజానికి ‘ఊరు కదిలింది’ అనే కథలే అని నా నమ్మకం. ఈ నెల మిగిలిన సమాధానాలలో కూడా ఆ మాటే పలుమార్లు తగులుతుంది, పాఠకులు మన్నించాలి.

ప్రశ్న: పల్లె, పట్టణం, నగరం అనే తేడాను ప్రభుత్వం ఏ కొలతతో నిర్ణయిస్తుంది?
– పోటీ పరీక్షల అభ్యర్థి, మంగళగిరి

సమాధానం: మున్సిపాలిటీ, కార్పొరేషన్ వంటివి ఉన్న ప్రతి చోటునూ జనాభా లెక్కలవారు పట్టణంగానే లెక్కిస్తారు. అవి లేని చోట మూడు షరతులు చూస్తారు: జనాభా 5,000కు తగ్గకూడదు, పనిచేసే మగవారిలో కనీసం 75 శాతం మంది వ్యవసాయేతర పనుల్లో ఉండాలి, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది ఉండాలి. లక్ష జనాభా దాటితే మొదటి తరగతి పట్టణం, అంటే నగరం. పంచాయతీ పాలనలోనే ఉంటూ ఈ షరతులకు అందే ఊళ్లను ‘సెన్సస్ టౌన్’ అంటారు. దేశంలో ఇవి 2001లో 1,362 ఉండగా 2011 నాటికి 3,894 అయ్యాయి. పరీక్షకు ఈ సంఖ్యలు చాలు. అయితే ఆ రెండో షరతును కొంచెం మనసులో పెట్టుకోండి: ఎంతమంది ఉన్నారన్నదానికంటే ఏం పని చేస్తున్నారన్నదే ఊరిని పట్టణం చేస్తుంది.

ప్రశ్న: కృష్ణ ఒడ్డున ఇన్ని ఊళ్లుండగా విజయవాడే ఎందుకింత పెరిగింది? అమ్మవారి మహిమ అని మా నాయనమ్మ, ఆనకట్ట అని మా మాస్టారు అంటారు.
– ఇంటర్ విద్యార్థిని, విజయవాడ

సమాధానం: మీ నాయనమ్మగారు, మాస్టారు ఇద్దరూ ఒకే కొండను చూపిస్తున్నారమ్మా. నల్లమలలో ఇరుకుగా పారి వచ్చిన కృష్ణ మైదానంలోకి దిగాక వెడల్పుగా పరుచుకుంటుంది. ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య మాత్రం దానిని రెండు వైపులా రాయి బిగించి పట్టుకుంది. అక్కడ ఏటి వెడల్పు కిలోమీటరుకు కాస్త ఎక్కువ. అక్కడి నుంచి సముద్రం దాకా మళ్లీ అంత గట్టి చోటు లేదు. దారులన్నీ ఏరు దాటడానికి ఇటువంటి చోటే వెతుక్కుంటాయి. దాటే చోట రెండు పూటలు ఆగవలసి వస్తుంది; ఆగేవారికి తిండి, పడక, గుడి, అంగడి కావాలి. కొండ అంచున మొగల్రాజపురంలోనూ, అవతలి ఒడ్డున ఉండవల్లిలోనూ తొలిచిన గుహాలయాలు, పదో శతాబ్దపు చాళుక్య రాజు యుద్ధమల్లుని శాసనంలో కనిపించే గుడి, మఠం ఆ రేవుకు ఎంత కాలంగా జనం వచ్చిపోతున్నారో చెబుతాయి. జనం వచ్చే చోట దేవత వెలిసిందని అనండి, దేవత ఉన్న చోటికి జనం వచ్చారని అనండి. అప్పటికి అది ఒక రేవు, ఒక క్షేత్రం, ఒక మోస్తరు ఊరు. అంతకు మించి కాదు.

అసలు మలుపు మీ మాస్టారు చెప్పినదే. నందన కరువు తరువాత కృష్ణకు ఆనకట్ట కావాలన్న మాట బలపడింది. ఆర్థర్ కాటన్ ఆలోచన మేరకు కెప్టెన్ ఆర్ (Orr) అనే ఇంజనీరు పర్యవేక్షణలో 1852లో పని మొదలై 1855లో ముగిసింది. కొండలు రెండు వైపులా పట్టు ఇచ్చే చోటు గనుక ఆనకట్టకు కూడా అదే ఇరుకు తగింది. ఆనకట్ట నుంచి ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ విసనకర్ర పుల్లల్లా విడిపోయాయి. కాలువ అంటే మనకిప్పుడు సాగునీరే గుర్తొస్తుంది గాని, ఆనాడు అది రోడ్డు కూడా. ధాన్యం, కట్టెలు, సున్నం, మనుషులు పడవల మీద నడిచేవారు. డెల్టా పండిన పంట అంతా ఏ పుల్ల పట్టుకుని వచ్చినా చేతి పిడి దగ్గరికే చేరుతుంది. ఆ పిడి బెజవాడ. తరువాత 1888, 89 సంవత్సరాలలో పడమటి నుంచి ఒకటి, నిజాం రాజ్యం నుంచి ఒకటి రైలు మార్గాలు ఇక్కడికి వచ్చాయి. బెజవాడ మున్సిపాలిటీ కూడా 1888లోనే ఏర్పడింది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన పూర్తయింది, 1899లో మద్రాసు వైపు దారి కలిసింది. రేవు, కాలువ, రైలు మూడూ ఒకే కొండ ఇరుకులో ముడిపడిన ఊరు తెలుగునాట మరొకటి లేదు.

అయినా ఊరు వెంటనే మహానగరం కాలేదు. 1901 జనాభా లెక్కలలో బెజవాడ 24 వేలు, గుంటూరు 30 వేలు, బందరు 39 వేలు. అప్పటికి బెజవాడ మూడింటిలోనూ చిన్నది! 2011 నాటికి బెజవాడ పది లక్షలు దాటగా బందరు లక్షా డెబ్బై వేల దగ్గర ఆగింది. 1952లో పాత ఆనకట్టకు గండి పడితే దాని స్థానంలో 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ కట్టారు. అప్పటికి పడవల కాలం దాటిపోయి లారీల కాలం వచ్చింది. కాలువ చేసిన పనిని రోడ్డు అందిపుచ్చుకుంది, రేవు చేసిన పనిని బస్టాండు అందిపుచ్చుకుంది. సత్యనారాయణపురం మీదుగా పోయే పాత రైలు కట్టను తీసివేసి వెడల్పాటి రోడ్డు వేశారు గదా, అక్కడ నిలబడి చూస్తే పాత పని మీద కొత్త పని ఎలా పేరుకుంటుందో మీ కంటికే కనబడుతుంది. మీ ఊరి పాటిదిబ్బ అదే అనుకోండి.

ప్రశ్న: 1864 ఉప్పెన రాకపోయి ఉంటే మా బందరు ఈపాటికి మద్రాసంత అయ్యేదని మా ఊళ్లో అంటారు. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, మచిలీపట్నం

సమాధానం: బందరు వారి అభిమానాన్ని నొప్పించడం ఇష్టం లేదు గాని, ఉప్పెన మీద నేరమంతా మోపడం న్యాయం కాదు. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం ఊరి మీద పడి సుమారు 30 వేల మందిని మింగిన మాట నిజం. కాని బందరు ప్రాముఖ్యం తగ్గడం అంతకు రెండు శతాబ్దాల ముందే మొదలైంది. ఇంగ్లీషువారు 1611లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు, 1641లో తమ ముఖ్య స్థావరాన్ని మద్రాసుకు మార్చుకున్నారు. గోల్కొండ సుల్తానుల రేవుగా ఉన్నంతకాలం బందరుకు వెనక ఒక సంపన్న రాజ్యం ఉంది. 1687లో గోల్కొండ మొగలుల చేతిలో పడ్డాక ఆ అండ పోయింది. సముద్రం లోతు లేని తీరం గనుక ఓడలు దూరంగా లంగరు వేస్తే సరుకు పడవల మీద దించవలసి వచ్చేది. కలంకారీ బట్టలకు ఐరోపాలో ఉన్న గిరాకీని అక్కడి మిల్లు బట్టలు పడగొట్టాయి. ఆ తరువాత కాలువలు, రైలు కలిసి డెల్టా పంటను బెజవాడ వైపు మళ్లించాయి. బందరుకు రైలు ఇరవయ్యో శతాబ్దపు మొదటి దశాబ్దంలో గాని రాలేదు. అప్పటికి సరుకు వేరే దారి అలవాటు పడింది. అంతవరకు బలహీనపడుతూ వచ్చిన ఊరికి ఉప్పెన తోడైంది. మొదటి ప్రశ్నకు రాసిన రెండు దెబ్బల సూత్రం ఇక్కడ తిరగబడిందన్నమాట.

నిజానికి ఈ తీరంలో రేవులు ఒకదాని పని మరొకటి అందుకుంటూ వచ్చాయి. రెండో శతాబ్దపు గ్రీకు భూగోళ శాస్త్రజ్ఞుడు టాలెమీ పేర్కొన్న కొంటకొస్సిల అనే రేవు ఘంటసాలేనని పరిశోధకులు గుర్తించారు. కృష్ణ ఏటేటా తెచ్చి పోసిన ఒండ్రు వల్ల సముద్రం వెనక్కి జరిగి ఈనాడు ఘంటసాల పొలాల నడుమ ఉంది. పదమూడో శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో దూరదేశపు వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు: ఓడ తుఫానుకు కొట్టుకువచ్చి ఒడ్డుకు చేరితే రాజులు సరుకంతా స్వాధీనం చేసుకొనే పాత పద్ధతిని వదిలి, సుంకం మాత్రమే తీసుకుంటానన్నాడు. వర్తకుడికి కావలసినది రేవు లోతు ఒక్కటే కాదు, తన సరుకు తనకే దక్కుతుందన్న నమ్మకం కూడా అని ఆయన గ్రహించాడు. ఆ మోటుపల్లి ఇప్పుడు చీరాల పక్కన ఒక పల్లె. బందరు దానికంటే ఎంతో మేలు. ఊరూ ఉంది, జిల్లా కేంద్రమూ ఉంది.

ప్రశ్న: కొండవీడు రెడ్డిరాజుల రాజధాని. దాని పక్కనున్న గుంటూరు పెరిగింది, కొండవీడు పాడైంది. రాజధాని ఊరు నిలవదా? అలాగైతే అమరావతి సంగతి ఏమిటి?
– న్యాయవాది, గుంటూరు

సమాధానం: మూడు ప్రశ్నలు ఒక కవరులో పెట్టి పంపారు. కొండవీడు గురించి ముందు. పద్నాలుగో శతాబ్దంలో రెడ్డిరాజులు అద్దంకి నుంచి కొండవీటికి వచ్చింది పంట కోసమో వర్తకం కోసమో కాదు, కొండ కోసం. చుట్టూ శత్రువులున్నప్పుడు ఎత్తున ఉన్న బురుజు, పైన తవ్విన చెరువులు రాజుకు ప్రాణంతో సమానం. 1515లో కృష్ణదేవరాయలు ఆ దుర్గాన్ని ఒడిశా గజపతుల నుంచి గెలుచుకున్నాడు. తరువాత గోల్కొండ వారికి పోయింది. ఫిరంగులు వచ్చి, ఆ తరువాత కంపెనీవారి పాలన వచ్చి, కొండ ఎక్కి దాక్కోవలసిన అవసరమే తీరిపోయింది. అవసరం తీరిన కోటకు మరో పని దొరకలేదు. ధాన్యం మూటను కొండ మీదికి మోసుకుపోయి అమ్మేవాడు ఎవడుంటాడు? గుంటూరు సంగతి వేరు. అది చదునైన మెట్ట, డెల్టా కలిసే అంచున ఉంది. ఒక పక్క వరి, మరో పక్క పత్తి, మిరప, పొగాకు. రెండు రకాల పంటవాళ్లూ కలుసుకునే చోటు సహజంగానే అంగడి అవుతుంది. 1904లో జిల్లా తిరిగి ఏర్పడి కోర్టులు, కచేరీలు వచ్చాయి. 1920ల నుంచి వర్జీనియా పొగాకు, తరువాత మిర్చి యార్డు ఆ అంగడిని దేశం ఎరిగేలా చేశాయి. మీవంటి న్యాయవాదులకు కూడా గుంటూరు పెరుగుదలలో తగినంత వాటా ఉంది, కాదనకండి.

అమరావతి గురించి జోస్యం చెప్పడం ఈ శీర్షిక పని కాదు, జరిగినది మాత్రం చెప్పగలను. ఆ చోట రాజధాని రావడం ఇదే మొదలు కాదు. శాతవాహనుల కాలపు ధాన్యకటకం, అంటే నేటి ధరణికోట, కోటగోడతో, ఏటి నుంచి తవ్విన పడవల కాలువతో, పక్కనే బౌద్ధుల మహాస్తూపంతో వర్ధిల్లింది. ఏడో శతాబ్దంలో చైనా యాత్రికుడు యువాన్ చ్వాంగ్ వచ్చేసరికి బౌద్ధ ఆరామాలు చాలావరకు ఖాళీ అయిపోయాయి. అయినా స్తూపాన్ని బాగుచేయించిన సంగతి 1344 నాటి సింహళ (శ్రీలంక) శాసనంలో ఉంది. అంటే ఊరి వైభవం పోయిన వందల ఏళ్లకు కూడా దూరదేశపు యాత్రికుడు దానిని మరువలేదు. పద్దెనిమిదో శతాబ్దం చివరలో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి తన నివాసాన్ని అమరేశ్వరుని సన్నిధికి మార్చుకుని కొత్త పట్టణం కట్టించాడు. ఇళ్లకు రాళ్లు కావలసి వచ్చి దీపాలదిన్నె అనే దిబ్బను తవ్వితే స్తూపం బయటపడింది. 1798లో కంపెనీ సర్వే అధికారి కర్నల్ మెకంజీ వచ్చి చూసేనాటికే చాలా పలకలు గోడలకో సున్నపు బట్టీలకో పోయాయి. పాటిమన్ను పొలానికి తోలిన రైతుకూ, పాలరాయి సున్నంగా కాల్చిన పట్టణానికీ మధ్య నాకు పెద్ద తేడా కనబడదు. జమీందారు వైభవం ఆయనతోనే ముగిసింది. గుడి, ఏరు, చిన్న అంగడి మాత్రం ఊరిని నిలబెట్టాయి. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగిన కొత్త రాజధాని ఆ పాత ఊరికి కొంత తూర్పున, 29 గ్రామాల పొలాల మీద వచ్చినది. ఆ 29 ఊళ్లు ఒక్కొక్కటీ ఏరు, మెరక, గుడి చూసుకుని తమంత తాము పుట్టినవి. రాజధానికి పాలన కాక మరో పని కూడా, అంటే పాలకులు మారినా మారని జీవనోపాధి, ఎంత త్వరగా కుదురుకుంటుందన్నదాని మీదే చాలా ఆధారపడి ఉంటుంది.

ప్రశ్న: ప్రాజెక్టు కింద మునిగిన ఊరు పునరావాస కాలనీలో మళ్లీ ఊరవుతుందా?
– ఒక పాఠకురాలు, మాచర్ల

సమాధానం: మీ పక్కనే చూడండి. శాతవాహనుల తరువాత వచ్చిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి నాగార్జునకొండ లోయలో దాదాపు ఒక శతాబ్దం వెలిగి ఆరిపోయింది. 1926లో దాని ఆనవాళ్లు కనబడ్డాయి. 1955లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరగగా, నీరు రాకముందే లోయను తవ్వి చూడాలని 1954 నుంచి 1960 దాకా పెద్ద ఎత్తున తవ్వకాలు జరిపారు. పాతరాతియుగం నుంచి మధ్యయుగాల దాకా మనుషులు ఆ లోయలో కాపురముండి పోయిన గుర్తులు ఒకదాని మీద ఒకటి దొరికాయి. ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికీ, దగ్గరలోని అనుపు అనే చోటికీ తరలించారు, మిగిలినది నీటి కింద ఉంది. డ్యాము కట్టడానికి వచ్చిన కూలీలు, ఇంజనీర్ల కోసం వేసిన క్యాంపులే నేటి కాలనీలు. వాటిలో ఒకదానికి విజయపురి సౌత్ అని పేరు. మునిగిన రాజధాని పేరును గట్టు మీది క్యాంపు పెట్టుకుంది. మీ ప్రశ్నకు సూటిగా చెప్పాలంటే, పరిహారం సొమ్ము, పక్కా ఇల్లు కాలనీని చేస్తాయి. అది ఊరు కావడానికి నడిచిపోగలిగే దూరంలో పని కావాలి. చాలా పునరావాస కాలనీలలో ఇళ్లు బాగానే ఉండి పగలు మనుషులు కనబడకపోవడానికి పని దూరమే కారణం.

ప్రశ్న: 2024 సెప్టెంబరు వరదలో మా ఇల్లు మూడు రోజులు నీళ్లలో ఉంది. ఈ ప్రాంతం కూడా మీరు చెప్పే పాటిదిబ్బల్లాగ పాడుపడవలసిందేనా?
– గృహిణి, అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ

సమాధానం: మీరు పడిన కష్టానికి ఈ సమాధానం ఊరట కాదని తెలుసు. బుడమేరు మైలవరం వైపు కొండల నుంచి దిగి కొల్లేరులో కలిసే వాగు. దాని వరదను వెలగలేరు దగ్గర మళ్లించి కృష్ణలోకి పంపే ఏర్పాటు ఉంది. ఆ రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణే 11.43 లక్షల క్యూసెక్కులతో, మునుపెన్నడూ లేనంతగా పొంగుతోంది. మళ్లింపు కాలువ గట్లకు గండ్లు పడి నీరు నగరం మీదికి వచ్చింది. పాత బెజవాడ కొండ పాదం దగ్గర, మెరక మీద పుట్టింది. పల్లపు భూములు పొలాలుగా, నీరు నిలిచి పోయే చోట్లుగా ఉండేవి. ఊళ్లో పని దొరికింది, మెరక మీద చోటు లేదు లేదా కొనలేరు. వచ్చినవారు చౌకగా దొరికిన పల్లంలో ఇల్లు వేసుకున్నారు. తప్పు వారిది కాదు, పనికి దగ్గరగా ఉండాలనుకోవడం మనిషి సహజ గుణం. అందుకే ఒక్క వరదతో ఆ ప్రాంతం ఖాళీ కాదు. ఆటోనగర్‌లో పని, మార్కెట్లో పని, పిల్లల బడి అక్కడే ఉన్నంతకాలం జనం గోడలకు సున్నం వేసుకుని మళ్లీ ఉంటారు. ప్రమాదం అందులోనే ఉంది: పాడుపడే ఊరైతే జనం వెళ్లిపోయి బతికేవారు, పాడుపడని పల్లం అయితే మళ్లీ వరదకు ఎదురు నిలవాలి. వాగు పాత దారిని వాగుకు వదలడం, గట్లను ఏటేటా చూసుకోవడం తప్ప వేరే మార్గం లేదు. ఇల్లు కొనబోయేవారు సర్వే నంబరును పాత గ్రామ పటంలో చూసి, అది చెరువో వాగో పోరంబోకో తెలుసుకుని కొనడం మంచిది.

నగరం కంటే పాడుపడే లక్షణాలు ఎక్కువగా కనిపిస్తున్నది డెల్టా పల్లెలలో. వాటికి కరువు లేదు, రోగం లేదు; పొలాలు పచ్చగా ఉన్నాయి. వీధిలో నాలుగిళ్లకు రెండు తాళాలు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్నారు, పొలం కౌలుకు ఇచ్చారు, బొడ్రాయి పండుగకు వచ్చి మూడు రోజులుండి పోతారు. రెవెన్యూ రికార్డులో ఆ ఊరు బేచిరాగు కాదు, ఎందుకంటే వీధిదీపాలు తెల్లవార్లూ వెలుగుతూనే ఉంటాయి.

ప్రశ్న: మా ఊరి వయసు తెలుసుకోవాలంటే ఎక్కడ వెతకాలి?
– డిగ్రీ విద్యార్థి, పొన్నూరు

సమాధానం: ముందు గుడికి వెళ్లండి. ధ్వజస్తంభం దగ్గర, మండపం స్తంభాల మీద, ఒక్కోసారి మెట్లలో తలకిందులుగా పరిచిన రాళ్ల మీద శాసనాలు ఉంటాయి. రాతి మీద సున్నం కొట్టి ఉంటే గీకకండి, అక్షరాలు పోతాయి; పక్కవాటంగా టార్చిలైటు వేసి ఫోటో తీయండి. తరువాత కైఫియత్తులు చూడండి. మెకంజీ దొర కోసం కావలి సోదరులు, వారి మనుషులు ఊరూరా తిరిగి కరణాల చేత రాయించిన గ్రామ చరిత్రలు అవి. గుంటూరు సీమవి అచ్చయి గ్రంథాలయాలలో దొరుకుతాయి. వాటిలోని తొలి రాజుల కథలను జాగ్రత్తగా నమ్మండి గాని, చెరువు ఎవరు తవ్వించారు, ఏ పాలెం ఏ ఊరి నుంచి విడిపోయింది, ఏ కరువులో ఎవరు వెళ్లిపోయారు అన్న సంగతులు బాగా పనికొస్తాయి. చివరగా మండల కార్యాలయంలో రీసెటిల్‌మెంట్ రిజిస్టరు (సర్వే నంబర్ల వారీ పాత భూముల పుస్తకం), గ్రామ పటం అడిగి, గ్రామకంఠం (ఇళ్లకు ఉంచిన ఊరి స్థలం) హద్దులు గీసుకుని, ఆ హద్దులో మెరక ఎక్కడుందో ఒక వాన రోజు నడిచి చూడండి. నీరు నిలవని చోట మీ ఊరు మొదలై ఉంటుంది.